డార్మ్ గదిలో 700 వాట్ల మైక్రోవేవ్ ఒక్కటే ఉంది: రాత్రి పూట అన్నం, పప్పు కుదురుతాయా?

ఫాల్_అడ్మిట్

ఆగస్టులో అమెరికాలో అండర్‌గ్రాడ్ మొదలవుతోంది. మొదటి ఏడాది డార్మ్‌లోనే ఉండాలి. గదిలో చిన్న ఫ్రిజ్, దాని మీద 700 వాట్ల మైక్రోవేవ్ కలిపి ఇస్తారు. హాట్‌ప్లేట్, రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ ఏవీ పెట్టుకోకూడదని హౌసింగ్ రూల్స్‌లో స్పష్టంగా రాశారు. మీల్ ప్లాన్ చిన్నది తీసుకున్నాను, మధ్యాహ్న భోజనానికే సరిపోతుంది. రాత్రి పూట, శని ఆదివారాలు సొంతంగా చూసుకోవాలి. శాకాహారమే, గుడ్డు తింటాను.

అడగాలనుకున్నవి ఇవి. అన్నం పొంగిపోకుండా, పలుకు లేకుండా రావాలంటే నీళ్లెంత, టైమెంత? ఏ పప్పు ఉడుకుతుంది? తాలింపు అందులోనే పెట్టుకోవచ్చా? గిన్నెలు ఇక్కణ్నుంచి ఏవి తెచ్చుకోవాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కో టైము చెబుతున్నారు, ఏది నమ్మాలో తెలియడం లేదు. ఖర్చు తక్కువలో అయిపోవాలి.

ఒహాయో_అక్క

వీడియోల్లో టైములు కలవకపోవడానికి కారణం వాట్లే. ఇళ్లలో వాడే పెద్ద మైక్రోవేవ్‌లు ఎక్కువగా 1000 నుంచి 1200 వాట్లవి. 1100 వాట్లకు చెప్పిన టైమును 700 వాట్లకు మార్చాలంటే ఒకటిన్నర రెట్లు చేసుకో. 4 నిమిషాలని ఉంటే నీకు 6 నిమిషాలు పైచిలుకు పడుతుంది. స్టిక్కర్ మీద 700 అని ఉన్నా పాతబడిన యంత్రం అంత ఇవ్వదు. చేరగానే ఒక పరీక్ష చేసి చూడు. ఒక కప్పు నీళ్లలో ఐసు వేసి బాగా కలుపు. నీళ్లు చల్లబడ్డాక ఐసు తీసేసి ఫుల్ పవర్‌లో పెట్టు. 3 నిమిషాలకు మరిగితే 700 ఉన్నట్టే. రెండున్నరకే మరిగితే 800 దాకా ఉంది. 4 నిమిషాలు పట్టిందంటే 500 కూడా లేదు, అప్పుడు కింద చెప్పే టైములన్నీ పెంచుకోవాలి. ఇక్కడ నేను కప్పు అన్నచోటల్లా అమెరికా కొలత కప్పు, 240 మిల్లీలీటర్లు.

ఇంకో ముఖ్యమైన విషయం పవర్ లెవెల్ బటన్. 50 శాతం పెడితే మామూలు మైక్రోవేవ్ సగం వేడితో నడవదు, కొన్ని సెకన్లు పూర్తి వేడిమీద నడిచి కొన్ని సెకన్లు ఆగుతుంది. ఆ ఆగిన సమయంలోనే పొంగు కిందికి దిగుతుంది, నీరు గింజ లోపలికి వెళ్తుంది. మొత్తం ఫుల్ పవర్‌లో ఉడికిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, గింజ మాత్రం లోపల పలుకుగానే ఉంటుంది. చాలామందికి అన్నం చెడేది ఇక్కడే.

ఒక మనిషికి కొలత: సోనా మసూరి ముప్పావు కప్పు, అంటే సుమారు 140 గ్రాములు. మూడు నాలుగు నీళ్లు మారేదాకా కడుగు, పైన అంటిన గంజిపొడి పోతే పొంగు సగం తగ్గుతుంది. ఒకటిన్నర కప్పు నీళ్లు పోసి 20 నిమిషాలు నానబెట్టు, ఆ నీళ్లతోనే వండు. అర చెంచా నూనె వేయి. మూత లేకుండా ఫుల్ పవర్‌లో 5 నిమిషాలు. బాగా మరుగుతూ కనపడాలి, లేకపోతే ఇంకో నిమిషం. తర్వాత మూత కాస్త వారగా పెట్టి 50 శాతంలో 10 నిమిషాలు. ఆపాక తలుపు తీయకుండా 8 నుంచి 10 నిమిషాలు వదిలేయి. ఈ చివరి పది నిమిషాలు వంటలో భాగమే. అప్పటిదాకా పైన తడిగా, కింద గట్టిగా ఉన్న అన్నం ఆ ఆవిరిలోనే సమానమవుతుంది. గరిటె పెట్టి మధ్యలో కలపకు, ముద్దవుతుంది.

బాస్మతికి నీళ్లు పావు కప్పు తగ్గించు. పాత బియ్యమైతే పావు కప్పు పెంచు.

గిన్నె పెద్దది కావాలి. ఈ కొలతకు 2 లీటర్లకు తగ్గని గాజు గిన్నె. చిన్న గిన్నెలో వండితే ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా గంజి పొంగి పళ్లెం మీద పడుతుంది. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సంచి కొంటే 9 కిలోలు, ఈ కొలతన 65 పూటలకు దగ్గరగా వస్తుంది. చిన్న ప్యాకెట్లు కొంటే అదే బియ్యానికి చాలా ఎక్కువ పెట్టాలి. డార్మ్‌లో ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లుంటే సంచి పంచుకోండి.

పొడికారం

తాలింపు సంగతి నేను చెబుతాను. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు.

మైక్రోవేవ్ ముఖ్యంగా వేడెక్కించేది నీటిని. నూనె ఆ తరంగాలను చాలా తక్కువగా పీల్చుకుంటుంది, అందుకే ఆవాలు చిటపటలాడే వేడికి రావడానికి నిమిషాలు పడుతుంది. ఈలోపు పింగాణీ కప్పు నూనె కంటే ముందే కాలిపోతుంది, కొన్నిసార్లు పగులుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టావంటే అడుగు కరిగి నూనె కారుతుంది. అన్నిటికంటే ఎండుమిర్చి. అది ఒక్కసారిగా మాడుతుంది, ఆ ఘాటు పొగకు స్మోక్ అలారం మోగితే భవనమంతా ఖాళీ చేసి కింద నిలబడాలి.

దానికి మార్గం తాలింపును ఇంటి నుంచే తెచ్చుకోవడం. పావు కప్పు శనగపప్పు, పావు కప్పు మినప్పప్పు, రెండు చెంచాలు ఆవాలు, ఒక చెంచా జీలకర్ర, పది ఎండుమిర్చి ముక్కలు, రెండు గుప్పెళ్ల కరివేపాకు, అర చెంచా ఇంగువ. నాలుగు చెంచాల నూనెలో అమ్మ వేయించి ఇస్తే చాలు. కరివేపాకు కడిగి నీడన పూర్తిగా ఆరాకే వేయించాలి. ఆకు చేతిలో నలిపితే పొడి కావాలి, తడి మిగిలితే డబ్బా మొత్తం ముక్కిపోతుంది. పూర్తిగా చల్లారాక గాలి చొరని సీసాలో పోసుకో. వండిన పప్పు వేడిగా ఉండగానే ఈ తాలింపు ఒక చెంచా, నెయ్యి ఒక చెంచా వేసి మూతపెట్టి రెండు నిమిషాలు వదిలేస్తే వాసన పట్టేస్తుంది. నిమ్మకాయ పులిహోరకూ ఇదే. వేడన్నం, పావు చెంచా పసుపు, ఉప్పు, ఒక చెంచా నూనె, రెండు చెంచాల తాలింపు, అర చెక్క నిమ్మరసం. రసం చివర్లో, అన్నం కాస్త ఆరాకే పిండాలి. వేడి మీద పిండితే చేదొస్తుంది.

ఆకు విషయంలో ఒక హెచ్చరిక. పచ్చి కరివేపాకు విమానంలో తేవద్దు, అమెరికాలోకి అనుమతించరు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు ఆ ఆకుల మీద బతుకుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, ఆవకాయ తెచ్చుకునేవాళ్లు ఆహార పదార్థాలు ఉన్నాయని కస్టమ్స్ వాళ్లకు తప్పకుండా చెప్పాలి, అడిగితే చూపించాలి. నెయ్యి అక్కడే కొనుక్కో.

ఫాల్_అడ్మిట్

చాలా థాంక్స్ అక్కా, అన్నా. పప్పు గురించి కూడా ఎవరైనా చెప్పండి. కందిపప్పు మెత్తగా ఉడుకుతుందా? ఇంకో మాట, ఇంట్లో చిన్న రైస్ కుక్కర్ ఉంది. రూల్స్ ఒప్పుకునే గదికి మారితే అది పనికొస్తుందా?

వరంగల్_వంటిల్లు

కుక్కర్ ముందు చెప్తా. మన దగ్గరి కుక్కర్ 230 వోల్టులది, అక్కడ ప్లగ్గులో వచ్చేది 120. వోల్టేజి సగమైతే వేడి పావు వంతుకు పడిపోతుంది. 400 వాట్ల కుక్కర్ 110 వాట్లే ఇస్తుంది, అన్నం సరిగ్గా ఉడకదు. కన్వర్టర్లు కొని దాన్ని నడపాలని చూడొద్దు, వాటి ధరకు అక్కడ కొత్త కుక్కరే వస్తుంది. పెట్టెలో ఆ బరువుకు పొడులు పెట్టుకోండి.

పప్పుల్లో మైక్రోవేవ్‌కి నప్పేది ఎర్రటి మైసూర్ పప్పు. పొట్టు లేదు, బద్ద పల్చన, నానబెట్టకుండానే ఉడుకుతుంది. అర కప్పు పప్పు, అంటే 100 గ్రాములు, కడిగి ఒకటిన్నర కప్పు నీళ్లు, పావు చెంచా పసుపు, అర చెంచా నూనె. నూనె మానొద్దు, పప్పు నురగ అన్నం పొంగు కంటే మొండిది. ఫుల్ పవర్‌లో 5 నిమిషాలు మూత లేకుండా, పైన తేలిన నురగ చెంచాతో తీసేసి, 50 శాతంలో 12 నిమిషాలు. గరిటె వెనక వైపుతో నొక్కితే మెదగాలి. గట్టిగా ఉంటే పావు కప్పు వేడి నీళ్లు పోసి ఇంకో మూడు నిమిషాలు.

పెసరపప్పుకి అరగంట నానబెట్టాలి, 50 శాతంలో 15 నిమిషాలు.

కందిపప్పు ఉడుకుతుంది కానీ మన ఇళ్లలో ప్రెషర్ కుక్కర్లో వచ్చే మెత్తదనం రాదు. మరిగిన నీళ్లు పోసి 3 గంటలు నానబెట్టి, 50 శాతంలో 25 నుంచి 30 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు నీళ్లు చూసుకుంటే బద్ద విరిగేంత వరకు వస్తుంది. ముద్దపప్పు కావాలంటే పెసరపప్పుతో చేసుకోవడమే మంచిది.

ఉప్పు, చింతపండు, టమాటా ముందు వేయకండి. ముఖ్యంగా పులుపు. పులుపు తగిలితే బద్ద మెత్తబడదు, ఎంతసేపు ఉడికించినా గట్టిగానే నిలుస్తుంది. పప్పు పూర్తిగా మెదిగాక వేసి ఇంకో 3 నిమిషాలు పెట్టండి. పాలకూర పప్పుకి తాజా ఆకు అక్కర్లేదు. ఫ్రీజర్ సెక్షన్‌లో తరిగిన పాలకూర ప్యాకెట్ చవక, కడగడం తరగడం ఉండదు. ఉడికిన పప్పులో ముప్పావు కప్పు గడ్డకట్టిన ఆకు వేసి ఫుల్ పవర్‌లో 4 నిమిషాలు, ఒక టమాటా ముక్కలు, కారం, ఉప్పు వేసి ఇంకో 3 నిమిషాలు. ఫ్రీజర్‌లో బఠాణీ, బీన్స్, క్యారెట్ కలిపిన ప్యాకెట్ కూడా ఇలాగే వాడుకోవచ్చు. అవి ఫ్యాక్టరీలోనే ఒకసారి వేడినీళ్లలో ముంచి తీసినవి, నీళ్లు పోయకుండా కప్పుకి 4 నిమిషాలు మూతపెట్టి పెడితే చాలు. నీళ్లు పోస్తే చప్పబడతాయి.

రాజ్మా, కాబూలీ శనగలు పచ్చివి కొనొద్దు, డబ్బాల్లో ఉడికించినవి కొనండి. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, బాగా తెర్లే నీళ్లలో ఉడికితేనే అది పోతుంది. సగం ఉడికినవి తింటే వాంతులు, విరేచనాలు తప్పవు. మైక్రోవేవ్‌లో ఒకచోట మరిగి ఇంకోచోట మరగదు కాబట్టి నమ్మకం లేదు. 15 ఔన్సుల డబ్బాలో నీళ్లు వంపేస్తే పావు కిలో గింజలు వస్తాయి, కూరకి ఇద్దరికి సరిపోతుంది.

శనగల కూర ఇలా: సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ, ఒక పెద్ద చెంచా నూనె, చిటికెడు ఉప్పు కలిపి మూతపెట్టి 5 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. ఉల్లి ఎర్రబడదు, మెత్తబడుతుంది అంతే. పచ్చివాసన పోవడమే మనకు కావాల్సింది. అర చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచా కారం, పావు చెంచా పసుపు వేసి ఒక నిమిషం. డబ్బా టమాటా ముక్కలు ఒక కప్పు వేసి 5 నిమిషాలు, పైన పేపర్ టవల్ కప్పండి, లేకపోతే లోపల గోడలంతా ఎర్రగా చిందుతుంది. శనగలు, పావు కప్పు నీళ్లు, అర చెంచా గరం మసాలా వేసి ఇంకో 4 నిమిషాలు. డబ్బాలో ముందే ఉప్పు ఉంటుంది, రుచి చూశాకే వేసుకోండి.

ఒహాయో_అక్క

పై కూరలో ఉల్లి గురించి చెప్పింది అక్షరాలా నిజం. మైక్రోవేవ్‌లో వేపుళ్లు రావు. బెండకాయ, బంగాళాదుంప వేపుడు కోసం టైము, కూరగాయలు పాడుచేసుకోకు. బంగాళాదుంప ఉడికించి కారం కలుపుకుంటే అదే హాయి. మధ్యరకం దుంపలు రెండు, ఫోర్కుతో ఒక్కోదానికి ఎనిమిది పది పోట్లు పొడిచి, తడి పేపర్ టవల్ చుట్టి 8 నిమిషాలు, సగంలో తిప్పు. పోట్లు లేకపోతే లోపలి ఆవిరికి పేలుతుంది.

గుడ్డు కూడా అంతే. పెంకుతో ఉన్న గుడ్డు పెట్టకూడదు. ఉడికించి ఒలిచిన గుడ్డును మళ్లీ వేడిచేసినా పేలుతుంది, ఒక్కోసారి బయటికి తీసి కొరికేటప్పుడు పేలి నోరు కాలుతుంది. కప్పులో రెండు గుడ్లు కొట్టి, రెండు చెంచాల పాలు, ఉప్పు, కారం వేసి గిలక్కొట్టి 45 సెకన్లు. కలిపి 30 సెకన్లు. ఇంకా కాస్త తడిగా ఉండగానే తీసేసి ఒక నిమిషం ఆగు, మిగతాది ఆ వేడికే గట్టిపడుతుంది. తడి పూర్తిగా పోయేదాకా ఉంచితే రబ్బరులా అయిపోతుంది.

గిన్నెలు: ఇంటి నుంచి స్టీలువి తేవద్దు, ఒక్కటీ పనికిరాదు. అంచున బంగారు గీత ఉన్న పింగాణీ పళ్లాలు నిప్పురవ్వలు కొడతాయి. మెలమైన్ పళ్లాలు కూడా వద్దు. అక్కడే మూతతో ఉన్న గాజు గిన్నె 2 లీటర్ల పైది ఒకటి, చిన్నది ఒకటి, ఒక మగ్గు కొనుక్కో. తెలియని గిన్నెకు ఒక పరీక్ష: ఖాళీ గిన్నె పక్కన ఒక కప్పు నీళ్లు పెట్టి ఒక నిమిషం నడుపు. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే వాడుకో. గిన్నే కాలిందంటే వద్దు. వేడి గాజు గిన్నెను తడి రాయి మీదో, సింక్‌లో చన్నీళ్ల కిందో పెట్టొద్దు, ఒక్కసారిగా ముక్కలవుతుంది. మడిచిన పొడి టవల్ మీద దించు. పెరుగు డబ్బాలు పల్చటి ప్లాస్టిక్, వాటిలో ఏదీ వేడిచేయకు.

పెరుగు మాట వచ్చింది కాబట్టి, కొనేటప్పుడు ప్లెయిన్ అని రాసి ఉన్నదే తీసుకో. వనిల్లా రాసినది తీపి, పెరుగన్నానికి పనికిరాదు. హోల్ మిల్క్‌ది అయితే కమ్మగా ఉంటుంది. 32 ఔన్సుల డబ్బా, అంటే 900 గ్రాముల పైన, చిన్న కప్పుల కంటే చాలా చవక.

పొడికారం

నూడుల్స్ గురించి ఎవరూ అనలేదు. ప్యాకెట్ నూడుల్స్ వేరే గిన్నెలో రెండు కప్పుల నీళ్లతో 6 నిమిషాలు, ఫ్రీజర్ బఠాణీ గుప్పెడు, చివర్లో గిలక్కొట్టిన గుడ్డు వేసి ఒక నిమిషం. మసాలా ప్యాకెట్ సగమే వేసుకో, ఉప్పు అందులో చాలా ఎక్కువ. కప్పు నూడుల్స్ వచ్చే ఫోమ్ కప్పును మైక్రోవేవ్‌లో పెట్టకు, వేడి నీళ్లు పోసుకోవడానికే అది. కప్పులో నీళ్లు పోయడం మర్చిపోయి పెట్టేస్తే నూడుల్స్ లోపలే మాడి పొగ కమ్ముతుంది. అలా పొగ వస్తే తలుపు తీయకూడదు. ఆపి, ప్లగ్గు తీసి, పొగ తగ్గేదాకా మూసే ఉంచాలి.

ఉప్మా కూడా చక్కగా వస్తుంది. అర కప్పు బొంబాయి రవ్వ పొడిగా 3 నిమిషాలు, ప్రతి 45 సెకన్లకు కలుపుతూ. మంచి వాసన రావాలి. వేరే గిన్నెలో ఒకటింబావు కప్పు నీళ్లు, ఉప్పు, ఫ్రీజర్ కూరగాయలు అర కప్పు వేసి మరిగించి, అందులో రవ్వ పోస్తూ కలిపి, 2 నిమిషాలు పెట్టి మూతపెట్టి 3 నిమిషాలు ఆగు. సీసాలోని తాలింపు పైన చల్లుకో.

ఫాల్_అడ్మిట్

చివరి ప్రశ్న. ఒకే మైక్రోవేవ్‌లో అన్నం, పప్పు రెండూ వండాలంటే ఏది ముందు? మిగిలిన అన్నం ఎన్నాళ్లు ఉంచొచ్చు?

వరంగల్_వంటిల్లు

బియ్యం నానబెట్టి పప్పు ముందు పెట్టండి. పప్పు అయ్యేసరికి బియ్యం నానుతుంది. పప్పు గిన్నెకు మూతపెట్టి టవల్ చుట్టి ఉంచితే అన్నం అయ్యేదాకా వేడి తగ్గదు, ఇంకాస్త మెదుగుతుంది కూడా. మొత్తం 45 నిమిషాలకు దగ్గరగా పడుతుంది. రెండు గిన్నెలూ ఒకేసారి లోపల పెడితే వేడి పంచుకుని రెండూ పలుకుగా మిగులుతాయి.

మిగిలిన అన్నం బల్ల మీద వదిలేసి పొద్దున తినకండి. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన 2 గంటల లోపల పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి, 3 రోజుల్లో తినేయండి. డార్మ్ ఫ్రిజ్‌లు చిన్నవి, తలుపు దగ్గర చల్లదనం తక్కువ, డబ్బా లోపలి వైపు పెట్టండి. 4 డిగ్రీల సెల్సియస్ లోపు, అంటే అక్కడి లెక్కలో 40 ఫారెన్‌హీట్ లోపు ఉందో లేదో చూసుకోవడానికి చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ కొంటే మంచిది. మళ్లీ వేడిచేసేటప్పుడు కప్పు అన్నానికి ఒక పెద్ద చెంచా నీళ్లు చిలకరించి, మధ్యలో గుంట చేసి, మూతపెట్టి 2 నిమిషాలు. మైక్రోవేవ్‌లో మధ్యభాగం ఆలస్యంగా వేడెక్కుతుంది, గుంట చేస్తే అంచుతో సమానంగా కాలుతుంది. పొగలు కక్కేంత వేడి రావాలి.

సామాను కడగడానికి చాలా డార్మ్ గదుల్లో సింక్ ఉండదు, అంతస్తులో అందరూ వాడే బాత్రూమ్‌లోనే కడగాలి. గిన్నెలో మిగిలిన నూనె, పప్పు మడ్డి ముందే పేపర్ టవల్‌తో తుడిచి చెత్తబుట్టలో వేయండి. అన్నం మెతుకులు ఆ సింకుల్లో త్వరగా అడ్డుపడతాయి.